దగ్గులో నెత్తురు, ఎక్స్‌రేలో మచ్చ: టీబీయా, ఆయాసం జబ్బా, క్యాన్సరా?

మా మేనమామ నాలుగు నెలలు టీబీ మందులు మింగారు. పొద్దున్నే పరగడుపున, ఒక్క రోజు కూడా తప్పించకుండా. మూత్రం ఎర్రగా వస్తోందని మొదటి వారం హడలిపోయారు. అది మాత్రల రంగేనని తెలిశాక కుదుటపడ్డారు. దగ్గు మాత్రం తగ్గలేదు. 58 కిలోల మనిషి 51కి వచ్చారు. అడిగితే "ముందు కోర్సు పూర్తి కానివ్వండి" అన్నారు. ఐదో నెలలో గొంతు బొంగురుపోయింది. అప్పుడు గానీ సీటీ స్కాన్ రాయలేదు. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో కంతి, ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్. తర్వాత ఫైలు తిరగేస్తే, ఆయన కఫంలో టీబీ క్రిమి ఒక్కసారి కూడా కనబడలేదు. దగ్గు ఉంది, ఎక్స్‌రేలో మచ్చ ఉంది, మన దగ్గర ఇంకేముంటుంది టీబీయే కదా అనుకున్నారు, అంతే.

మరుసటి ఏడాది మా పక్కింటి పిన్నిగారికి సరిగ్గా దీనికి తలకిందులుగా జరిగింది. పెట్ స్కాన్‌లో గడ్డ దీపంలా వెలుగుతోందని రిపోర్టు వచ్చింది. పిల్లలు అమెరికా నుంచి టికెట్లు కొనేశారు. ఇంట్లో పది రోజులు పొయ్యి సరిగా వెలగలేదు. ముక్క పరీక్షలో తేలింది టీబీ. ఆరు నెలల మందులతో ఆవిడ లేచి మళ్లీ ఆవకాయ కలుపుతున్నారు.

నేను డాక్టర్ని కాదు. ఈ ఇద్దరి వెంట ఆసుపత్రుల వరండాల్లో తిరిగి, ఛాతీ డాక్టర్లను విసిగించి నేర్చుకున్నదే రాస్తున్నాను. రెండు చోట్లా జరిగిన పొరపాటు ఒకటే, నీడను చూసి జబ్బుకు పేరు పెట్టేయడం. అందుకని ఎవరైనా అడిగితే రెండే ప్రశ్నలు డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లమంటాను. ఈ జబ్బేనని సాక్ష్యం ఏమిటి? ఈ మందు పనిచేస్తుంటే ఎన్ని రోజుల్లో తెలియాలి? మొదటిదానికి జవాబు లేకపోయినా కొన్నిసార్లు ఫరవాలేదు. రెండోదానికి లేకపోతే మాత్రం ఊరుకోకండి.

టీబీయా, క్యాన్సరా

అసలు చిక్కంతా ఇక్కడే. దగ్గు, నెత్తురు పడటం, చిక్కిపోవడం, ఆకలి లేకపోవడం, ఛాతీలో నీరు చేరడం, ఇవన్నీ రెండింటిలోనూ ఉంటాయి. రెండూ ఊపిరితిత్తుల పై భాగంలోనే ఎక్కువగా కనబడతాయి. రెండింటిలోనూ గుహలాంటి ఖాళీలు ఏర్పడతాయి. పైగా ఒకే మనిషిలో రెండూ కలిసి ఉండొచ్చు. కాబట్టి కఫంలో టీబీ దొరికినంత మాత్రాన పక్కనున్న గడ్డ సంగతి తేలిపోయినట్టు కాదు.

తేడాలు లేకపోలేదు. సాయంత్రానికి కాసే సన్న జ్వరం, రాత్రిళ్లు చెమటకు తడిసే పక్కబట్టలు, ఇంట్లో ఇంకొకరికి టీబీ, షుగరు అదుపులో లేకపోవడం ఉంటే మనసు టీబీ వైపు మొగ్గుతుంది. యాభై దాటిన వయసు, ఏళ్ల తరబడి బీడీ గానీ చుట్ట గానీ, జ్వరం లేకుండా తగ్గుతున్న బరువు, రాత్రి నిద్ర పట్టనివ్వని ఎముకల నొప్పి, కొత్తగా బొంగురుపోయిన గొంతు అయితే క్యాన్సర్ వైపు. సీటీలో గుహ గోడ పల్చగా, 4 మిల్లీమీటర్ల లోపు ఉంటే సాధారణంగా ప్రమాదం లేనిదే. 15 మిల్లీమీటర్లు దాటి లోపలి అంచు గరుగ్గా, ఎగుడుదిగుడుగా ఉంటే అనుమానించాల్సిందే. మధ్యలో ఉన్నవి రెండు వైపులా నడుస్తాయి.

ఇవన్నీ మొగ్గు మాత్రమే, తీర్పు కాదు. పొగ అలవాటు ఎన్నడూ లేని ఆడవాళ్లకు కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది. వాళ్లలో ఎక్కువగా వచ్చే అడినోకార్సినోమా అనే రకంలో ఈజీఎఫ్‌ఆర్ జన్యుమార్పు ఆసియా వాళ్లలో తరచుగా దొరుకుతుంది. దానికి రోజుకో మాత్రతో నడిచే వైద్యం ఉంది. "ఆమె సిగరెట్ ముట్టలేదు, క్యాన్సర్ ఎలా వస్తుంది?" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఒక్క మాటతో చేతికందే వైద్యం నెలల తరబడి వాయిదా పడుతుంది.

సాక్ష్యం సంగతికొస్తే, మొదటిది కఫం. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ పరీక్ష ఉచితం. పాత పద్ధతిలో గాజు పలక మీద రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే, మిల్లీలీటరు కఫంలో క్రిములు వేలల్లో ఉంటేనే కనబడేవి. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు జన్యుపదార్థాన్నే పట్టుకుంటాయి. సీబీనాట్ దాదాపు రెండు గంటల్లో ఫలితం చెప్పి, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగని మొండి టీబీనా అన్నదీ చెబుతుంది. ట్రూనాట్ మన గోవాలో తయారైంది, బ్యాటరీతో నడుస్తుంది, మండల స్థాయి ఆసుపత్రికైనా మోసుకెళ్లొచ్చు. ఒకే ఒక్క జాగ్రత్త: డబ్బాలో ఉమ్మి వేసి ఇస్తే ఎంత గొప్ప యంత్రమైనా ఏమీ చెప్పలేదు. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి తీసిన చిక్కటి గళ్ల కావాలి.

మాంటూ పరీక్ష, అదే చేతికి సూదివేసి వాపు కొలిచేది, పాజిటివ్ వచ్చిందని టీబీ మందులు మొదలుపెట్టారంటే ఎదురు ప్రశ్నించండి. మన దేశంలో పెద్దవాళ్లలో చాలామందికి ఏనాడో క్రిమి సోకి నిద్రపోతూ ఉంటుంది. చేయి వాచడం దాని గురుతే, ఇప్పటి మచ్చకు సాక్ష్యం కాదు.

కఫంలో ఏమీ దొరకకపోయినా డాక్టరు అనుభవంతో టీబీ వైద్యం మొదలుపెట్టడం తప్పేమీ కాదు, అలాంటి సందర్భాలుంటాయి. కానీ అప్పుడు గడువు రాసుకోండి. జ్వరం, ఆకలి నెల లోపు మెరుగుపడాలి. నాలుగు మందుల మొదటి దశ రెండు నెలలు. అది ముగిసేసరికి బరువు పెరగాలి, ఎక్స్‌రే మెరుగవ్వాలి, కనీసం ముదరకూడదు. అలా కాకపోతే రెండే దారులు: మందుకు లొంగని టీబీ అయినా అయి ఉండాలి, అసలు టీబీ కాకనైనా పోవాలి. రెండింటికీ కొత్త పరీక్షలు కావాలి, పాత మాత్రలే ఇంకో రెండు నెలలు కాదు. అలాగని మందులు మీ అంతట మీరు ఆపేయకండి, అడిగి తేల్చుకోండి.

ఇంకో ఉచ్చు గురించి చెప్పాలి. ఊళ్లో దగ్గుకు ముందుగా దొరికేది లెవోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్. ఇది టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుంది. పది రోజులు దగ్గు తగ్గినట్టే ఉండి మళ్లీ తిరగబెడుతుంది, ఈలోగా కఫం పరీక్ష కూడా బోల్తా కొట్టొచ్చు. స్టెరాయిడ్ సూదులూ అంతే. కంతి చుట్టూ ఉన్న వాపును కూడా కొన్నాళ్లు తగ్గించి, ఆస్తమాయేనన్న నమ్మకం కలిగిస్తాయి.

ఆయాసం, పిల్లికూతలు

ఆస్తమాకు ఒక స్వభావం ఉంది. వస్తుంది, పోతుంది. వాన పడితే, దుమ్ము రేగితే, అర్ధరాత్రి దాటితే ఎక్కువవుతుంది. చిన్నప్పటి నుంచో, ఇంట్లో ఎవరికో ఉంటుంది. కూతలు రెండు వైపులా, రకరకాల స్వరాల్లో వినబడతాయి. కంతి గొట్టాన్ని నొక్కినప్పుడు వచ్చే కూత వేరు: ఒకే వైపు, ఒకే చోట, ఒకే స్వరం. దగ్గినా మారదు, ఇన్‌హేలర్‌కు లొంగదు. స్టెతస్కోపు పెట్టే డాక్టరు వెనక నుంచి రెండు వైపులా వింటున్నారో లేదో గమనించండి. చొక్కా మీద నుంచి ఒక్క చోట ఆనించి "ఆస్తమా" అంటే ఇంకో డాక్టరును చూసుకోండి. యాభై ఏళ్ల వరకూ ఏమీ లేని బీడీ తాగే మనిషికి కొత్తగా ఆస్తమా అంటే కూడా నేను అంత తేలిగ్గా ఒప్పుకోను.

సీఓపీడీ బీడీ, చుట్ట, కట్టెల పొగ వల్ల ఏళ్ల మీద మెల్లగా వచ్చేది. దీనికి సాక్ష్యం స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష. మందు పీల్చిన తర్వాత కూడా మొదటి సెకనులో బయటికొచ్చే గాలి మొత్తం గాలిలో 70 శాతం కంటే తక్కువుంటే గొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యాయని అర్థం. అయితే సీఓపీడీ అని తేలడం క్యాన్సర్ లేదని చెప్పడం కాదు. రెండింటికీ తల్లి ఒక్కటే, పొగ. పాత సీఓపీడీ మనిషి దగ్గు తీరు మారితే, నెత్తురు జీర కనబడితే, "ఎప్పుడూ ఉండేదే" అని వదిలేయొద్దు.

ఇక్కడ ఇంట్లోనే చేసుకోగల పని ఒకటుంది. రెండు చేతుల చూపుడు వేళ్లను గోరుకు గోరు తగిలేలా వీపులు కలిపి ఆనించి, వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. గోళ్ల మొదళ్ల దగ్గర చిన్న ముగ్గుచుక్కంత సందు, వజ్రం ఆకారంలో, వెలుతురు దూరేలా కనబడాలి. ఆ సందు మూసుకుపోయి, వేలి కొసలు డోలు కర్రల్లా ఉబ్బి ఉంటే దాన్ని క్లబ్బింగ్ అంటారు. ఈ కిటికీ గుర్తును దక్షిణాఫ్రికా గుండె డాక్టరు లియో షామ్‌రోత్ తన వేళ్ల మీదే గమనించి 1976లో రాశారు. మామూలు సీఓపీడీలో, ఆస్తమాలో గోళ్లు ఇలా మారవు. మారాయంటే క్యాన్సర్ కావచ్చు, గొట్టాలు వదులై చీము పట్టే బ్రాంకియెక్టాసిస్ కావచ్చు, ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు కావచ్చు, పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు కూడా కావచ్చు. ఏదైనా వెతకాల్సిందే. మా మామయ్య వేళ్లు అలాగే ఉండేవి. "బరువులు మోసిన చేతులు" అనుకున్నాం.

గొంతు బొంగురు గురించి కూడా. ఎడమవైపు స్వరపేటికను కదిలించే నరం నేరుగా గొంతుకు పోదు. ఛాతీలోకి దిగి, గుండె పై పెద్ద రక్తనాళం కిందుగా చుట్టి మళ్లీ పైకెక్కుతుంది. ఆ వంపులో కంతో గ్రంథో నొక్కితే గొంతు పోతుంది. జలుబు లేకుండా మూడు వారాలు దాటిన బొంగురుకు గొంతు డాక్టరు ఒక్కరే చాలరు, ఛాతీ ఫోటో కూడా కావాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడి నోరు పుక్కిలించనివాళ్లకూ గొంతు బొంగురుపోతుంది, అది వేరు.

భుజం నొప్పి చేతి చిటికెన వేలి దాకా పాకి, ఒక కంటిరెప్ప వాలుతుంటే అది మెడ అరుగుదల అనుకుని ట్రాక్షన్‌లు వేయించుకుంటూ కూర్చోవద్దు. ఊపిరితిత్తి కొసన పుట్టే పాన్‌కోస్ట్ కంతి ఇలాగే మొదలవుతుంది, దగ్గే ఉండకపోవచ్చు.

క్యాన్సర్ వేషం వేసేవి

మా అమ్మమ్మల తరానికి సంబంధించిన జబ్బు ఒకటుంది, ఆంథ్రకోఫైబ్రోసిస్. ముప్పై నలభై ఏళ్లు కట్టెలు, పిడకల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ల గాలిగొట్టాల్లో మసి పేరుకుని, నల్ల మచ్చలు పడి, గొట్టం ముడుచుకుపోతుంది. సీటీలో కుడివైపు మధ్య భాగం ముడుచుకుని, పక్కన గ్రంథులు ఉబ్బి, అచ్చం క్యాన్సర్ గొట్టాన్ని మూసేసినట్టే ఉంటుంది. బ్రాంకోస్కోపీలో, అంటే గాలిగొట్టంలోకి కెమెరా దించి చూస్తే, గొట్టం లోపల కాటుక పూసినట్టు కనబడుతుంది. అయినా ముక్క తీయాలి, టీబీ పరీక్షకూ పంపాలి, ఎందుకంటే దీనితో టీబీ తరచుగా జతకడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకంతో గ్యాసు వచ్చింది, తర్వాత ఉజ్జ్వల వచ్చింది, కానీ పెరట్లో నీళ్ల పొయ్యి ఇంకా చాలా ఇళ్లల్లో కట్టెలతోనే మండుతోంది. డాక్టరు "పొగ తాగుతారా?" అంటే మన పెద్దావిడ లేదంటుంది. పొయ్యి పొగ గురించి మీరే చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ (చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటున్న ముసలమ్మలైతే అదీ చెప్పాలి, సిగ్గుతో దాస్తారు.

ఒకే చోట మళ్లీ మళ్లీ నెమ్ము చేరుతోందా? గొట్టంలో ఏదో అడ్డం ఉందని అర్థం. అది కంతి కావచ్చు, వక్కపలుకు కావచ్చు. చింతపిక్క, వేరుశెనగ గింజ, కోడి ఎముక ముక్క, ఊడిన పన్ను, ఇవి గొంతులో దిగి, ఎక్కువగా కుడి గొట్టంలోకి జారతాయి, ఆ గొట్టం వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కనుక. పెద్దవాళ్లకు పొలమారిన సంగతే గుర్తుండదు. దాని చుట్టూ కండ పెరిగి కంతిలా కనబడుతుంది. ఇక న్యుమోనియాకు గడువు ఆరు వారాలు. యాభై దాటినవాళ్లు, పొగతాగేవాళ్లు దగ్గు తగ్గినా సరే ఆరు వారాలకు మళ్లీ ఎక్స్‌రే తీయించుకోవాలి. మచ్చ అక్కడే ఉంటే సీటీ.

పాత టీబీ మిగిల్చిన గుహలో బూజు ఉండలా పెరిగితే ఆస్పర్‌జిల్లోమా. నెత్తురు భయపెట్టేంత పడుతుంది. బోర్లా పడుకోబెట్టి సీటీ తీస్తే ఆ ఉండ గుహలో దొర్లుతుంది, కంతి దొర్లదు. ఒక్క దగ్గుకు గ్లాసుడు నెత్తురు పడితే మాత్రం కారణాల చర్చ మానేసి, ఏ వైపు జబ్బో తెలిస్తే ఆ వైపు కిందికి వచ్చేలా పడుకోబెట్టి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

కార్సినాయిడ్‌ను కొందరు "మంచి గడ్డ" అంటారు. కాదు, నెమ్మదిగా పెరిగినా అదీ క్యాన్సర్ జాతే. కుర్రవాళ్లలో ఏళ్ల తరబడి ఆస్తమా పేరుతో దాగి ఉంటుంది.

అనుకోకుండా దొరికిన మచ్చ

గుండె కోసమో, ప్రమాదం జరిగో సీటీ తీస్తే 7 మిల్లీమీటర్ల నాడ్యూల్ అని వచ్చింది. ఇక నిద్ర లేదు. నిజానికి ఇలాంటి చిన్న మచ్చల్లో అత్యధికం పాత అంటువ్యాధుల మచ్చలే. మధ్యలో గానీ మొత్తంగా గానీ సున్నం పేరుకుని ఉంటే, మొక్కజొన్న పేలాల్లా సున్నం, కొవ్వు కలిసి ఉంటే హానిలేనిదని దాదాపు చెప్పేయొచ్చు. అంచులు సూర్యకిరణాల్లా చీలికలుగా ఉంటే, సున్నం ఒక పక్కకే ఉంటే అనుమానం.

35 దాటిన మామూలు మనిషికి ఛాతీ స్కాన్‌ల నిపుణుల సంఘం ఫ్లైష్నర్ సొసైటీ 2017లో ఇచ్చిన లెక్కలో, గట్టి మచ్చ ఒక్కటే ఉండి 6 మిల్లీమీటర్ల లోపైతే, ముప్పు తక్కువున్నవాళ్లకు మళ్లీ స్కాన్ అక్కర్లేదు. 6 నుంచి 8 అయితే 6 నుంచి 12 నెలల్లో మళ్లీ సీటీ. 8 దాటితే మూడు నెలలకు సీటీ, లేదా పెట్, లేదా ముక్క. పెరుగుదల కొలతలో ఒక మోసం ఉంది: 10 మిల్లీమీటర్ల గోళీ 12.6 అయిందంటే చూడ్డానికి కాస్తే, కానీ ఘనపరిమాణం రెట్టింపైనట్టు. అందుకే రెండు స్కాన్‌లనూ పక్కపక్కన పెట్టి ఒకే రేడియాలజిస్టు కొలిస్తే మంచిది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లకు ఇలాంటి మచ్చ దొరికితే, ఇండియాలో టీబీ వచ్చిన చరిత్ర అక్కడి డాక్టరుకు తప్పక చెప్పండి. ఒహాయో పరిసరాల్లో హిస్టోప్లాస్మా, అరిజోనాలో వ్యాలీ ఫీవర్ అనే బూజు జబ్బులు కూడా అచ్చు క్యాన్సర్‌లాంటి మచ్చలే మిగులుస్తాయి.

ఏ పరీక్ష

ఎక్స్‌రే మొదటి మెట్టే. గుండె వెనక, కాలర్‌బోన్ కింద దాగిన కంతి అందులో కనబడకపోవచ్చు. లక్షణాలు కొనసాగుతుంటే "ఎక్స్‌రే నార్మల్" అన్న మాట దగ్గర ఆగకండి, నరంలోకి మందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ సీటీ అడగండి. పెట్ స్కాన్‌కు ముందే పరుగెత్తొద్దు. చురుగ్గా చక్కెర తినే ప్రతిదాన్నీ అది వెలిగిస్తుంది, టీబీ కూడా తింటుంది. 8 మిల్లీమీటర్ల లోపు వాటిలో, కార్సినాయిడ్‌లో అది మోసపోవచ్చు కూడా. క్యాన్సర్ అని తేలాక ఎంత పాకిందో చూడటానికి దాని విలువ ఎక్కువ.

ముక్క ఎక్కడి నుంచి తీయాలన్నది గడ్డ ఉన్న చోటును బట్టి. పెద్ద గొట్టం దగ్గరైతే బ్రాంకోస్కోపీ, అంచున ఛాతీ గోడ దగ్గరైతే సీటీ చూస్తూ సూది, మధ్య గ్రంథులైతే ఈబస్, అంటే అల్ట్రాసౌండ్ అమర్చిన బ్రాంకోస్కోపీ. వీటన్నిటికంటే ముందు కాలర్‌బోన్ పైన వేళ్లతో తడిమి చూడమనండి, అక్కడ గ్రంథి దొరికితే చిన్న సూదితోనే పనైపోతుంది. ఛాతీలో నీరుంటే ఆ నీరు. అందులో ఏడీఏ అనే ఎంజైము 40 దాటితే టీబీ వైపు మొగ్గు, నెత్తుటి నీరు తీసిన వారానికే మళ్లీ నిండితే క్యాన్సర్ వైపు.

"సూది గుచ్చితే పాకుతుంది" అని మా ఇంట్లోనూ అన్నారు. సూదితో ఉన్న అసలు ముప్పు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, కాస్త నెత్తురు. అవి అక్కడికక్కడే చూసుకోగలిగినవి. ముక్క లేకుండా ఏ మందు వాడాలో కూడా తెలియదు.

ముక్క తీసే రోజు ఒక్కటి మర్చిపోకండి. రెండు సీసాలు. ఒకటి ఫార్మలిన్, పాథాలజీకి. రెండోది సెలైన్, టీబీ పరీక్షకు. మొత్తం ముక్క ఫార్మలిన్‌లో వేస్తే క్రిమి చచ్చిపోతుంది, క్రిమిని పెంచి చూసే కల్చర్ ఇక మొలవదు. పిన్నిగారి విషయంలో సెలైన్ సీసా ఉండబట్టే మూడో రోజుకే సంగతి తేలింది.

ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి గానీ విశాఖ ఛాతీ ఆసుపత్రికి గానీ వెళ్లేముందు ఇంట్లో ట్రంకు పెట్టెలు, బీరువా పైభాగం వెతకండి. పాత ఎక్స్‌రే ఫిల్ము ఒక్కటి దొరికినా చాలు. మా ఎరుకలో ఒక రైతుకు కుడి ఊపిరితిత్తిలో మచ్చ ఉందని ముక్క పరీక్షకు తేదీ ఇచ్చారు. భార్య చీరల మడతల్లోంచి 2009 నాటి ఫిల్ము తీసుకొచ్చింది. డాక్టరు రెండింటినీ లైటు డబ్బా మీద పక్కపక్కన పెట్టి, స్కేలుతో కొలిచారు. అదే చోట, అదే మచ్చ, అదే కొలత. తేదీ రద్దుచేసి, ఏడాదికోసారి రమ్మని పంపేశారు.